పెరట్లోకి గినీ పిగ్: పగటి ఎండ కాదు, రాత్రి డిగ్రీలు చూడండి

గినీ పిగ్ హాయిగా ఉండగలిగేది 17 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య. 15 కంటే తగ్గితే ఇంట్లోకి తెచ్చేయమని, 26 దాటితే వడదెబ్బ ముప్పు ఉందని బ్రిటన్‌లో 1824 నుంచి పనిచేస్తున్న జంతు సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ చెబుతుంది. కింది హద్దు 15, పై హద్దు 26. మధ్యలో ఉన్నది 11 డిగ్రీలే. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఈ సంగతి ఎవరికీ గుర్తు రాదు. మనకోసం హీటింగ్ 20 దగ్గర పెట్టుకుంటాం, దాని పుణ్యాన అదీ సుఖంగా ఉంటుంది. పెరట్లో పెట్టిన రోజు నుంచి మాత్రం దాని బతుకంతా ఆ 11 డిగ్రీల మీదే నడుస్తుంది.

బ్రిటన్‌లో గినీ పిగ్‌లను వేసవిలో పెరట్లో చెక్క గూటిలో ఉంచడం పాత అలవాటే. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ల ఇళ్లలోనూ పిల్లల పోరు పడలేక ఒక జతను తెచ్చుకున్నవాళ్లు ఉంటారు. మేలో నాలుగు రోజులు వరుసగా ఎండ కాస్తే చాలు, ‘ఇక బయట పెట్టేద్దామా?’ అన్న మాట వస్తుంది. మధ్యాహ్నం పెరట్లోకి వెళ్లి చూస్తే అనుమానమే రాదు. పచ్చిక ఆరి ఉంటుంది, గాలి వెచ్చగా ఉంటుంది.

రాత్రి లెక్క వేరు. లండన్‌లోని హీత్రోలో 1991–2020 మధ్య మే నెల పగటి గరిష్ఠ సగటు 18 డిగ్రీలు దాటితే, రాత్రి కనిష్ఠ సగటు 9 దగ్గర ఉంది. జూన్‌లో పగలు 22, రాత్రి 12 ప్రాంతంలో ఉంటాయి. ఏడాదిలోకెల్లా వెచ్చనైన జులైలో పగలు 24, రాత్రి 14. అంటే నడి వేసవిలో సైతం సగటు రాత్రి ఆర్‌ఎస్‌పీసీఏ గీసిన గీతకు ఒక డిగ్రీ కిందే ఉంది. ఎడిన్‌బరాలో అయితే జులై రాత్రుల సగటు 11 దగ్గర. మే నెలలో 21 డిగ్రీల హాల్లోంచి తీసి నేరుగా పెరటి గూటిలో పడుకోబెడితే, ఆ జీవం ఒక్క రాత్రిలో 12 డిగ్రీలు దిగుతుంది. చలి ఒక్కటే కాదు, ఇలాంటి హఠాత్తు మార్పూ దీన్ని దెబ్బతీస్తుంది.

ఆండీస్ కొండల జంతువు కదా, చలికి తట్టుకోదా అని అడిగేవాళ్లున్నారు. మంచి ప్రశ్నే. పెరూలోని కుస్కో సముద్ర మట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. జూన్, జులై రాత్రుల్లో అక్కడ సున్నా డిగ్రీల దాకా పడిపోతుంది. అలాంటి చోట మనుషులు వేల ఏళ్ల కిందటే వీటిని మచ్చిక చేసుకున్నారు. అయితే పెంచింది ఎక్కడ? వంటింట్లో. పొయ్యి పక్కన, పొగచూరిన గోడల మధ్య, కూరగాయల తొక్కులు తింటూ మట్టినేల మీద పరుగులు తీస్తూ పెరిగాయి. ఈనాటికీ ఆ కొండ ఊళ్లలో చాలా ఇళ్లలో వీటి చోటు వంటగదే. అడవిలో తిరిగే వాటి దాయాదులకు దట్టమైన గడ్డి, బొరియలు, రాళ్ల సందులు ఆసరా. కాబట్టి ‘కొండ జంతువు’ అన్న మాటను పట్టుకుని దాన్ని పల్చటి చెక్కపెట్టెలో చలికి వదిలేయడం అన్యాయం.

పెద్దదాని బరువు 700 నుంచి 1,200 గ్రాములు. ఒంటి వేడి 37 నుంచి 39.5 డిగ్రీలు. చిన్న ఒళ్లు కాబట్టి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ, వేడి తొందరగా బయటికి పోతుంది. పొట్టి కాళ్లతో కడుపు నేలకు ఆనినట్టే నడుస్తుంది గనక తడి నేల అంటే నేరుగా కడుపుకు తగిలే చలి. ఎండ వైపు చూస్తే దానికి మనలాగా చెమట పట్టదు, కుక్కలాగా రొప్పి ఒళ్లు చల్లార్చుకోవడమూ దానికి చాతకాదు. ఒళ్లు చలికి అలవాటు పడదని కాదు. వేడి పుట్టించడానికే ఉన్న గోధుమరంగు కొవ్వు పెరిగి, కొంత తట్టుకునే శక్తి వస్తుంది. దానికి వారాలు పడుతుంది. ఆ వారాలు ఇవ్వగలిగినవాళ్లే ఈ పనికి పూనుకోవాలి.

ఇంత చెప్పాక, అసలు బయటికి ఎందుకు తీసుకెళ్లాలి? లాభం నిజమైనదే కాబట్టి. దానికి ఉన్న 20 పళ్లూ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమలడమే వాటిని అరగదీస్తుంది. పచ్చి గడ్డిలో విటమిన్ సి ఉంటుంది, మనిషి లాగే గినీ పిగ్ కూడా దాన్ని ఒంట్లో తయారు చేసుకోలేదు. 1907లో నార్వే శాస్త్రవేత్తలు ఆక్సెల్ హోల్స్ట్, థియోడోర్ ఫ్రోలిక్ వీటికి ధాన్యం తప్ప ఏమీ పెట్టకుండా మేపితే స్కర్వీ వచ్చింది. విటమిన్ సి వేటలో అదొక మలుపు. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు కావాలి. ఎండ తగిలితే విటమిన్ డి పెరుగుతుంది. అన్నిటికీ మించి పరుగెత్తే చోటు దొరుకుతుంది. సంతోషం పట్టలేక ఉన్నచోటే ఎగిరి గంతులేయడాన్ని పెంపకందారులు పాప్‌కార్నింగ్ అంటారు. దాన్ని పచ్చిక మీద చూసినవాళ్లకు మళ్లీ 24 గంటలూ పంజరంలో ఉంచడానికి మనసొప్పదు. నేను ఈ పని చేయమనే చెబుతాను, క్రమం తప్పొద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

క్రమం ఇంట్లోనే మొదలవుతుంది. 21 డిగ్రీల హాల్లోంచి తీసి, హీటింగ్ లేని 17, 18 డిగ్రీల గదిలో ఒక వారం ఉంచాలి. బయట పెట్టబోయే గూడు పెద్దదైతే, దానిలోని దాగుడుపెట్టెనైనా ఈ వారంలోనే ఇంట్లో పెట్టి అందులో నిద్ర అలవాటు చేయాలి. తర్వాత అదే పెట్టెను, వాటి వాసన పట్టిన పాత గడ్డిని కాస్త కలిపి, కొత్త గూటిలోకి మార్చాలి. కొత్త చోట పాత వాసన ఉంటే వాటి భయం చాలావరకు తగ్గుతుంది.

పచ్చిక సంగతి అంతకన్నా జాగ్రత్తగా చూడాలి. చలి కంటే ముందు పొట్ట దెబ్బతినే ప్రమాదం ఇక్కడే ఉంది. రోజూ తినేదానిలో 80 శాతానికి పైగా ఎండుగడ్డి ఉండాలి. మన ఊళ్ల వరిగడ్డి దీనికి బదులు కాదు, అది పడకకు పనికొస్తుందేమో గాని తిండికి చాలదు. ఎండుగడ్డిని అరిగించడానికి పెద్దపేగు మొదట్లో ఉన్న సీకం అనే సంచిలో సూక్ష్మజీవులు కాపురముంటాయి. ఇన్నాళ్లూ ఎండుగడ్డికి అలవాటు పడిన ఆ సూక్ష్మజీవుల మీద ఒక్కసారిగా రెండు గంటల పచ్చి మేత వచ్చి పడితే అవి తలకిందులవుతాయి. కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంత చిన్న ఒంట్లో విరేచనాలంటే ఒక్కరోజులోనే ప్రాణం మీదికి వస్తుంది.

అందుకని బయటికి పంపడానికి వారం ముందు నుంచే పెరటి పచ్చికను చేత్తో కోసి, ఒక్కోదానికి గుప్పెడు చొప్పున ఇంట్లోనే పెట్టాలి. పెంటికలు గట్టిగా, గింజల్లా ఉన్నన్నాళ్లు ముందుకు సాగవచ్చు. పచ్చిక మీద మొదటి రోజు 15 నిమిషాలు చాలు, అదీ కడుపునిండా ఎండుగడ్డి తిన్నాక. మూడు నాలుగు రోజులకు అరగంట, రెండో వారానికి గంట, మూడో వారానికి మూడు నాలుగు గంటలు, నాలుగో వారానికి పగలంతా. ఇవి చట్టంలో రాసిన అంకెలు కావు, పెంటికలు మెత్తబడితే ఒక మెట్టు వెనక్కి దిగాలి. గడ్డికోసే యంత్రం నుంచి వచ్చిన తుక్కును మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. నలిగిన ఆ గడ్డి గంటల్లోనే పులుస్తుంది. కలుపు మందు చల్లిన పచ్చిక మీదికి పంపనే కూడదు. బ్రిటన్ పెరళ్లలో కనిపించే ఫాక్స్‌గ్లోవ్, బటర్‌కప్, డాఫోడిల్, లిల్లీ, ఐవీ వీటికి విషం.

ఇక గూడు. రెండింటికి కనీసం 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు అని సాధారణంగా చెబుతారు. లెక్కేస్తే 0.72 చదరపు మీటర్లు, అంటే ఏడున్నర చదరపు అడుగుల పైచిలుకు. అది పడుకోవడానికి సరిపోతుంది, బతకడానికి చాలదు. పరుగెత్తడానికి పచ్చిక మీద ఇంతకు రెండు మూడింతల జాలీ ఆవరణ ఉండాలి. గూడు నేలకు ఒక అడుగు ఎత్తున నిలబడాలి. కప్పు వాలుగా, నీరు కారనిదై ఉండాలి. బ్రిటన్‌లో గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది కాబట్టి గూటి ముఖం ఆ దిక్కుకు పెట్టకూడదు. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోటూ వద్దు. కారు పెట్టే గ్యారేజీలో పెడితే చలి తగలదని అనుకుంటారు గానీ, ఇంజిన్ పొగ వీటి ఊపిరితిత్తులకు చేటు.

జాలీ విషయంలో ఎక్కువమంది మోసపోతారు. కోళ్ల జాలీ కోడిని లోపల ఉంచుతుంది, నక్కను బయట ఆపలేదు. లండన్ వీధుల్లో రాత్రిపూట నక్కలు తిరగడం వింతేమీ కాదు, అవి సన్నటి తీగను పళ్లతో చింపేస్తాయి, మట్టి తవ్వి అడుగునుంచి దూరుతాయి. 13 మిల్లీమీటర్ల గళ్లున్న వెల్డెడ్ జాలీ వాడితే నక్కతో పాటు ఎలుకలనూ ఆపుతుంది. జాలీ ఆవరణకు అడుగున కూడా జాలీ వేయాలి. తిప్పితే తెరుచుకునే చెక్క గడియలకు బదులు బోల్టులు బిగించాలి. నక్క లోపలికి రాకున్నా గూటి చుట్టూ తిరిగిందంటే ఆ భయానికే గినీ పిగ్ కుప్పకూలవచ్చు. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ వరకు వింటే, దీని చెవి 50 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. మనకు నిశ్శబ్దంగా తోచే పెరడు దానికి చప్పుళ్ల మయం. అందుకే ఆవరణలో దాక్కునే పెట్టెలు వాటి సంఖ్యకన్నా ఒకటి ఎక్కువ ఉండాలి, ప్రతి పెట్టెకూ రెండు ద్వారాలుండాలి. తరిమినప్పుడు పారిపోవడానికి రెండో దారి లేకపోతే దాగుడుపెట్టే బోనవుతుంది.

పగలు అలవాటయ్యాక రాత్రి ప్రశ్న వస్తుంది. ఫోన్‌లో వాతావరణ సూచన చూసి నిర్ణయించవద్దు. అది ఊరి అంకె, మీ గూటి అంకె కాదు. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టుకునే చిన్న థర్మామీటర్ ఒకటి కొని గూటి పడక భాగంలో, అవి కొరకలేని ఎత్తులో కట్టండి. గూడు ఖాళీగా ఉన్నప్పుడే వారం రోజులు పెట్టి చూడండి. వరుసగా 7 రాత్రులు పడక మూలలో 15 కంటే దిగకపోతే అప్పుడు పడుకోబెట్టవచ్చు. మందంగా పరిచిన ఎండుగడ్డి, పక్కపక్కన ఒదిగిన రెండు ఒళ్ల వేడి వల్ల గినీ పిగ్‌లు లోపలికి వచ్చాక ఆ అంకె కాస్త పెరుగుతుంది. 10 డిగ్రీల దాకా పరవాలేదనే పెంపకందారులూ ఉన్నారు. ఆరోగ్యంగా ఉండి, జతగా, గాలి చొరబడని మంచి గూటిలో నెలల తరబడి అలవాటు పడినవాటికి అది చెల్లుతుందేమో. నిన్నటిదాకా హాల్లో పెరిగినదానికి నేను 15 మీదే నిలబడతాను.

ఈ లెక్కన ఇంగ్లండ్ దక్షిణ భాగంలో రాత్రి బయట పడుకోగలిగే కాలం జూన్ చివరి నుంచి ఆగస్టు చివరి దాకా, అంటే సుమారు 10 వారాలు. అందులోనూ గూటి అంకె 15 కిందికి దిగే ప్రతి రాత్రీ లోపలికి తేవాల్సిందే. మిగతా ఏడాదిలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పొడి పగటివేళలు బయట, రాత్రులు ఇంట్లోనో వెచ్చటి షెడ్డులోనో గడవాలి. ‘బయట పెంచడం’ అంటే నిజానికి ఇంతే. మొత్తంగా బయటే ఉంచేయాలన్న ఆలోచన బ్రిటన్ వాతావరణానికి పొసగదు.

వేడి వైపు కథ ఇంకా తొందరగా నడుస్తుంది. 2022 జులై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. బ్రిటన్ చరిత్రలో అంత వేడి అదే మొదటిసారి. అలాంటి రోజు కానక్కర్లేదు, మామూలు 24 డిగ్రీల రోజున ఎండ నేరుగా పడే చెక్క గూటిలో వేడి 26 దాటిపోతుంది. పొద్దున నీడలో ఉన్న ఆవరణ మధ్యాహ్నానికి ఎండలో పడుతుంది, అది మరిచిపోయే ఇళ్లలోనే చావులు జరుగుతాయి. చొంగ కార్చడం, ఎగశ్వాస, ఒక పక్కకు వాలిపోవడం వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడకు తెచ్చి, ఒంటిని చల్లటి నీటితో తడిపి పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. ఐసునీళ్లు పోయకూడదు, ఆ దెబ్బకే స్పృహ తప్పవచ్చు. తాగే నీళ్లు ప్రతి 100 గ్రాముల బరువుకు రోజుకు 10 మిల్లీలీటర్ల లెక్కన పడతాయి. ఎండరోజుల్లో రెండు సీసాలు పెట్టడం మేలు, ఒకదాని మూతి బిగుసుకుపోయినా రెండోది ఉంటుంది.

హైదరాబాద్, విజయవాడల్లో పెంచుతున్నవారు ఈ కథనంలోంచి పట్టుకోవాల్సింది ఈ పై హద్దునే. హైదరాబాద్‌లో మే పగటి సగటు 39, 40 ప్రాంతం. చల్లని డిసెంబరులో సైతం పగటి గరిష్ఠ సగటు 28 దగ్గర ఉంటుంది. ఏడాది పన్నెండు నెలల్లో పగటి గరిష్ఠం 26 లోపు ఉండే నెల ఒక్కటీ లేదు. కాబట్టి మన దగ్గర గినీ పిగ్‌ను బయట కాపురం పెట్టించడం కుదరదు. ఏసీ గదిలో 24 దగ్గర ఉన్నదాన్ని ఏప్రిల్‌లో 38 డిగ్రీల బాల్కనీలోకి తెస్తే ఒకే అడుగులో 14 డిగ్రీలు ఎక్కించినట్టు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దెక్కాక మంచు ఆరిన గడ్డి మీద, ఎండ ముదరకముందు ఒక గంట, మనిషి పక్కన కూర్చుని ఉండగా తిప్పితే చాలు. కాపలా లేకుండా వదలవద్దు. ఇక్కడ నక్క లేకున్నా వీధికుక్క, పిల్లి, ముంగిస, పందికొక్కు, గద్ద ఉన్నాయి. ప్రహరీ పక్కన గన్నేరు, మూలన ఉమ్మెత్త ఉంటే ముందు వాటిని చూసుకోవాలి.

ఈగల గురించి అంతగా ఎవరూ చెప్పరు, నాకు మాత్రం నక్కకన్నా వీటి భయమే ఎక్కువ. లూసిలియా సెరికాటా అనే పచ్చగా మెరిసే ఈగ తడిసిన, మలం అంటిన బొచ్చులో ఒకేసారి 200 దాకా గుడ్లు పెట్టగలదు. వెచ్చటి రోజున అవి 24 గంటల్లోపే పొదుగుతాయి, పురుగులు బతికున్న ఒంటిని తొలుస్తాయి. బ్రిటన్‌లో మే నుంచి సెప్టెంబరు దాకా, మన దగ్గర వానాకాలమంతా రోజుకు రెండుసార్లు ఒళ్లోకి తీసుకుని వెనక భాగం చూడాలి. రెండు నిమిషాల పని. ఒక్క పురుగు కనిపించినా అది అత్యవసరమే, తెల్లవారేదాకా ఆగకూడదు. తడిసిన పడకను ఆ రోజుకా రోజు తీసేస్తే ఈగల బెడద తగ్గుతుంది.

బయటికి మారిన కాలంలో అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం వంటింటి తూకం. ఇంట్లో ఉన్నప్పుడు వారానికోసారి తూచేవాళ్లు ఈ నెలరోజులూ రెండు రోజులకోసారి తూచి రాసుకోవాలి. కిలో బరువున్నది 50 గ్రాములు తగ్గితే కన్నేసి ఉంచాలి, 100 గ్రాములు తగ్గితే ఆగకుండా వైద్యుడికి చూపించాలి. గినీ పిగ్ జబ్బును దాచుకుంటుంది. తన బలహీనత బయటపడితే వేటగాడి కంట పడతానన్నది దాని పుట్టుబుద్ధి. ముక్కు కారడం, తుమ్ములు, కళ్ల చుట్టూ పక్కులు కనబడేసరికి లోపల చాలా దూరం వెళ్లి ఉంటుంది. 12 గంటలు ఏమీ తినలేదంటే అదొక్కటే చాలు ఆసుపత్రికి బయలుదేరడానికి.

ఒకే ఒక్కదాన్ని బయట పెట్టడం పనికిరాదు. ఒంటివేడి పంచుకోవడానికే కాదు, భయాన్ని పంచుకోవడానికీ తోడు కావాలి. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి వీటిని ఒంటరిగా పెంచడం చట్టరీత్యా కుదరదు. కుందేలును తోడు పెట్టడమూ తప్పే. కుందేళ్లు, కుక్కలు తమకేమీ కాకుండానే మోసే బోర్డెటెల్లా అనే బాక్టీరియా గినీ పిగ్‌కు సోకితే న్యుమోనియా తెప్పిస్తుంది. బొచ్చు లేని స్కిన్నీ పిగ్‌లు, పిల్లలు, చూలువి, అయిదేళ్లు పైబడినవి, ఇటీవల జబ్బు చేసినవి ఇంట్లోనే ఉండాలి. పెరూవియన్ లాంటి పొడుగు బొచ్చువి వెళ్లాలంటే వెనక బొచ్చు పొట్టిగా కత్తిరించాకే.

సెప్టెంబరు వచ్చేసరికి హీత్రోలో రాత్రి సగటు 12 దగ్గరికి దిగుతుంది. లోపలికి తేవడానికీ అదే క్రమం వెనకనుంచి పాటించాలి. చల్లటి గూటిలోంచి తీసి 21 డిగ్రీల హాల్లో పెట్టేస్తే, ఒంటికి పట్టిన అలవాటుకు అది అవతలి దెబ్బ. హీటింగ్ లేని గదిలో వారం ఉంచి, తర్వాత హాల్లోకి మార్చాలి. పగటి వేడి 15 దాటే పొడి రోజుల్లో గంటసేపు పచ్చికను కొనసాగిస్తూ, దాన్ని తగ్గించిన కొద్దీ ఎర్ర క్యాప్సికమ్, కొత్తిమీర పెంచాలి. 20 గ్రాముల ఎర్ర క్యాప్సికమ్ ముక్క ఒకదాని రోజువారీ విటమిన్ సి అవసరానికి దాదాపు సరిపోతుంది. బరువు రాసుకునే పుస్తకాన్ని అప్పుడే మూసేయకండి, లోపలికి వచ్చాక మరో మూడు వారాలు అందులో అంకెలు పడాలి.